బెర్నీస్ విప్పిన ఆఖరి పేరు

మా అక్క బెర్నీస్ తన చేతులతో పదకొండు మంది క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు జెర్సీల మీద కుట్టి, ఆ పదకొండూ విప్పేసింది. పన్నెండో పేరు కుట్టినప్పుడు మాత్రం దారం రెండు వరసలు వేసింది.

"వీడు పోడురా లియో. నేను పోయినా వీడి పేరు ఉంటుంది చూడు," అంది.

అన్నట్టే అయింది. మొన్న ఏప్రిల్‌లో ఆమె పోయింది. తొమ్మిది నంబరు మీద వెస్ హార్లన్ పేరు ఇంకా అలాగే ఉంది.

మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు జెర్సీలు ఫ్యాక్టరీ నుంచి నంబర్లతో వస్తాయి, పేర్లు లేకుండా. పేర్లు మా ఇంట్లో పడేవి. స్టేడియానికి ఎనిమిది వీధుల అవతల, సరస్సు గాలి తిన్నగా తగిలే చోట, రెండంతస్తుల చెక్క ఇల్లు మాది. కింద అక్క, పైన నేను. కింది ముందుగదిలో కిటికీ పక్కన ఆమె కుట్టు మిషన్. మా బావ రే పనిచేసిన ఉక్కు మిల్లు మూతపడిన ఏడాది ఆమె స్టేడియానికి నడిచి వెళ్ళి, సామాన్ల గది తలుపు కొట్టి, "మీ పేరు పట్టీలు వంకరగా ఉంటున్నాయి, టీవీలో చూస్తున్నాను," అందట. లోపలికి రానిచ్చారు. అప్పటి నుంచి ముప్ఫై ఒక్క ఏళ్ళు వంకర పట్టీ ఒక్కటీ మైదానంలోకి వెళ్ళలేదు.

కుట్టడం కంటే విప్పడమే ఎక్కువ ఆ పనిలో. వేసవి శిబిరానికి తొంభై మంది వస్తారు. ఆగస్టు ఆఖరి మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకల్లా యాభై ముగ్గురే మిగలాలి. అది లీగ్ నియమం. గురువారం జట్టు ఫోటో. ఆ రెండు రోజుల్లో పేర్లన్నీ మార్చడం కుదరదని సామాన్ల గది పెద్ద గస్ సోమవారం పొద్దున్నే ప్లాస్టిక్ తొట్లలో జెర్సీలూ, వాటితో ఒక జాబితా తెచ్చి ఇచ్చేవాడు. ఎవరివి తీసేయాలో, ఎవరివి వేయాలో అందులో ఉండేది. అంటే ఆ ఒక్క రోజు, ముప్ఫై ఏడు మందికి తమ గురించి తెలియని సంగతి మా ముందుగదిలో ఉండేది.

అక్క ఆ కాగితాన్ని చదివి, బొత్తాల డబ్బా కింద పెట్టేది. మంగళవారం నాలుగింటికి రేడియోలో పేర్లు వచ్చేదాకా కత్తి ముట్టుకునేది కాదు. సోమవారమే మొదలుపెడుతుందని గస్ అనుకునేవాడు. మొదలుపెట్టనని ఆమె అతనికి చెప్పలేదు.

"మనిషికి తెలియక ముందే వాడి వీపు మీది పేరు ఊడదీస్తారట్రా?" అనేది నాతో. అంతే, అంతకు మించి వివరం లేదు. ఆ ఒక్క రోజు నోరు కూడా కుట్టేసుకునేది. ఎవరు పోతారోనని ఊళ్ళో జనం పందేలు కాసేవాళ్ళు. బావ బతికున్నన్నాళ్ళూ ఆ డబ్బా వైపు ఆశగా చూసేవాడు. "ఒక్క పేరు చెప్పు బెర్నీస్, పడవ కొనుక్కుందాం," అనేవాడు. పడవ రాలేదు.

ఐదేళ్ళ కిందటి వేసవి సంగతి నేను చెప్పబోయేది. ఆ వేసవంతా మా ఊళ్ళో ఒకటే గొడవ. హార్లన్‌తో ఒప్పందం పొడిగించాలా, వద్దా? ఏడాదికి ఐదున్నర కోట్ల డాలర్లు అడుగుతున్నాడని పేపర్లు రాశాయి. శుక్రవారం పోలండ్ వాళ్ళ క్లబ్బులో వేయించిన చేపలు తినడానికి చేరిన ప్రతి బల్ల దగ్గరా అదే మాట. మా బల్ల దగ్గర ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కా నేనూ చెరో వైపు.

"ఐదున్నర కోట్లు! బంతి విసరడానికి," అన్నాను చేప మీద నిమ్మకాయ పిండుతూ.

"సరిగ్గా విసరడానికి. తప్పుగా విసిరిన పదకొండు మందిని నేను చూశాను, నువ్వు బళ్ళో పిల్లలకు నెపోలియన్ గురించి చెప్పుకుంటున్నప్పుడు."

"అక్కా, జీతాలకు లీగ్ ఒక గీత గీసింది. జట్టు మొత్తానికి ఒకటే కుండ. యాభై ముగ్గురూ అందులోంచే తినాలి. ఒకడు పెద్ద గరిటె పెడితే చివర కూర్చున్నవాళ్ళకు కుండ అడుగు కనిపిస్తుంది."

"కుండ ఏటేటా పెద్దదవుతోందిగా?"

"గరిటె అంతకంటే త్వరగా పెద్దదవుతోంది."

"నీకు ఆ పిల్లాడంటే కుళ్ళు."

"నాకా? అరవై ఎనిమిదేళ్ళ వాడికా?"

"నీ పింఛను వాడి సాక్సుల ఖర్చుకు కూడా చాలదని."

బల్లంతా నవ్వింది. అక్క ఇంకో చేప ముక్క తీసుకుని, ఈసారి నవ్వకుండా చెప్పింది. "క్వార్టర్‌బ్యాక్ లేని ఊరు ఎలా ఉంటుందో మర్చిపోయావు నువ్వు. బంతి పట్టుకుని ఎటు విసరాలో తేల్చేవాడు సరైనవాడు కాకపోతే మిగతా యాభై రెండు మందీ ఎంత కష్టపడినా బూడిదే. నవంబరు వస్తే చాలు, ఈ క్లబ్బులో ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. ఇరవై ఏడేళ్ళు. పదకొండు పేర్లు. ఒకడి పేరు విప్పుతుంటే నా వేలు తెగింది, ఆ జెర్సీ మీద నా రక్తం పడింది, అయినా కొత్తవాడు ఎనిమిది ఆటలు ఓడాడు. ఇప్పుడొకడు దొరికాడు. ఇచ్చేయమను."

ఆమె అంతటితో ఊరుకోలేదు. పేరు పట్టీలకు మిగిలిన గుడ్డ కలిపి ఒక బ్యానర్ కుట్టింది. అడుగెత్తు అక్షరాలు, అంచులంతా జిగ్‌జాగ్ కుట్టు: "తొమ్మిదికి ఇచ్చేయండి." జూలై ఆఖరులో శిబిరం కంచె దగ్గర దాన్ని కట్టి కింద మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. మోయడానికి నేను. నా అభిప్రాయం వేరైనా నా భుజాలు ఆమెవే.

సాధన అయ్యాక సెమిసి టావాకే కంచె దగ్గరికి వచ్చాడు. జట్టులో సెంటర్ అతను. బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి క్వార్టర్‌బ్యాక్ చేతికి అందించి, అతని మీదికి దూసుకొచ్చే వాళ్ళను ఒంటితో ఆపడం అతని పని. టాంగా దీవుల వాళ్ళ బిడ్డ, యూటాలో పెరిగాడు, మా ఊరొచ్చి ఎనిమిదేళ్ళయింది. నూట నలభై కిలోల మనిషి కంచె తీగల్లో వేళ్ళు పెట్టి ఆనుకుంటే కంచె మా వైపు ఒంగింది.

"పెద్దమ్మా, నా పేరుకి ఎప్పుడైనా ఇంత గుడ్డ వాడావా?"

"నువ్వూ అలా విసురు, వాడతాను."

"నేను విసిరితే నీ కిటికీ పగులుతుంది."

నేను మధ్యలో దూరాను. "నువ్వు చెప్పు సెమిసీ. ఇవ్వాలంటావా, వద్దంటావా?"

"ఇవ్వాలి సార్. ఎనిమిదేళ్ళలో నా వెనక అయిదుగురు నిలబడ్డారు. బంతి అందుకునేటప్పుడు చేతులు వణకనివాడు వీడొక్కడే. వెనకున్నవాడు గట్టివాడైతే నా నడుం నొప్పి సగం తగ్గుతుంది." అతను ఎవరి దగ్గరో మార్కర్ తీసుకుని, కంచె పైనుంచి చెయ్యి చాచి, బ్యానర్ మూల పెద్దగా సంతకం పెట్టాడు. అక్క నా వైపు చూసి కనుబొమలెగరేసింది. ఆ రోజు వాదన ఆమే గెలిచింది.

ఆగస్టు రెండో వారంలో ఒప్పందం కుదిరింది. మా వీధిలో కార్ల హారన్లు గంటసేపు ఆగలేదు. ఇంత పెద్ద సంతకం పడితే, తన ముందు నిలబడి కాపాడే అయిదుగురికీ క్వార్టర్‌బ్యాక్ ఏదైనా కొనిపెట్టడం రివాజు. గడియారాలిస్తారు కొందరు. హార్లన్ ఒక్కొక్కరికీ మాంసం పొగబెట్టే పొయ్యి కొన్నాడు. చిన్నవి కావు. పడుకోబెట్టిన ఇనుప పీపాలా, చక్రాలతో, మూడు వందల కిలోల బరువుతో ఉండేవి.

ఆగస్టు ఆఖరి సోమవారం ఎనిమిదింటికి గస్ వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా అతను తొట్లు దించగానే వంటింట్లో కూర్చుని కాఫీ తాగి, అక్క చేసిన కేకు తిని, మా ఇద్దరినీ తిట్టి వెళ్ళేవాడు. ఆ రోజు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"కాఫీ పోశాను గస్."

"వద్దక్కా, పనుంది." కాగితం ఆమె చేతిలో పెట్టి, నేల చూస్తూ అన్నాడు. "పదకొండింటికి అరవై నాలుగు కొలతకు వస్తాడుగా. రానీ. ఎప్పటిలాగే కొలిచి పంపు. రేపు నాలుగింటి దాకా ఏమీ మాట్లాడకు."

అరవై నాలుగంటే సెమిసి. అక్క కాగితం చదివింది. చాలాసేపు చదివింది, ముప్ఫై ఏడు పేర్లకు అంతసేపు పట్టదు. తర్వాత బొత్తాల డబ్బా ఎత్తి దాని కింద పెట్టింది.

"అతని పేరుందా?" అన్నాను.

"పైకి పోరా."

ఉందన్నమాట. నేను పైకి వెళ్ళలేదు. ముప్ఫై మూడేళ్ళ సెంటర్, మంచి జీతం. ఈ ఏడు అతన్ని తీసేస్తే మిగిలింది వచ్చే ఏడు కుండలో కలుపుకోవచ్చు. వచ్చే ఏడే హార్లన్ గరిటె పెద్దదయ్యేది. నేను శుక్రవారాలు చెప్పిన లెక్కే అది. కానీ ఆ లెక్కలో ఏ మనిషి పేరూ వేసి చూసుకోలేదు నేను.

"మిషన్ పాడైందని ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు."

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో మిషన్ పాడైందని ఎవరికీ చెప్పలేదు నేను."

"మరేం చేస్తావు?"

"కొలుస్తాను. గస్ చెప్పాడుగా." ఆమె గుండుసూదుల దిండు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మాట ఇచ్చిన మనిషి ఆమె. ఆ మాట తప్పితే ఆ పని పోతుంది. అంతకంటే, ముప్ఫై ఒక్క ఏళ్ళు నోరు మెదపలేదన్న గర్వం ఒకటుంది, అది పోతుంది.

వరసలో ముందు నిలబడే భారీ మనుషులకు జెర్సీ ఒంటికి అతుక్కుపోయినట్టుండాలి. చంక కింద గుప్పెడు గుడ్డ లూజుగా దొరికిందా, ఎదుటివాడు పట్టుకుని లాగేస్తాడు. మిగతా వాళ్ళకు సామాన్ల గదిలోనే కొలతలు తీసేవాళ్ళు. సెమిసి మాత్రం మొదటి ఏడాది ఒకసారి అక్క చేతి కుట్టు వేసుకుని ఆడాక, ఏటా మా ఇంటికే వచ్చేవాడు.

పదకొండింటికి వీధిలో ట్రక్కు ఆగింది. వెనక హార్లన్ ఇచ్చిన పొయ్యి, పసుపు రిబ్బను ఇంకా ఊడదీయకుండా.

"చూశావా పెద్దమ్మా నా ఏనుగుని?" అంటూ తల వంచి గుమ్మం దాటాడు. "ఇవాళే వచ్చింది. అద్దె ఇంటాయన పెరట్లో పెట్టనివ్వనన్నాడు. మీ ఇల్లు కాదు, మీ పొయ్యి వద్దు అంటాడు! అందుకని ఇల్లే కొంటున్నాం."

"ఏ ఇల్లు?" అన్నాను నేను.

"చర్చి వెనక పచ్చ ఇల్లు సార్. పొయ్యి కోసం ఇల్లు కొనేవాణ్ణి నిన్నే చూశానంటుంది మా ఆవిడ మెలే. ఎనిమిదేళ్ళు అద్దెకున్నాం, చాలు. పిల్లలిద్దరూ గదులు పంచేసుకున్నారు, అప్పుడే రెండు సార్లు కొట్టుకున్నారు కూడా. సాయంత్రం నాలుగింటికి సంతకం." జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "ఇదిగో, చిన్నది ఆనా పంపింది. తన కిటికీకి పరదాలు పెద్దమ్మే కుట్టాలట. కొలతలు తనే తీసింది, నన్ను టేపు ముట్టుకోనివ్వలేదు."

అక్క ఆ కాగితం తీసుకుని చూసింది. పెన్సిలుతో వంకరగా గీసిన కిటికీ, నాలుగు పక్కలా అంకెలు, మధ్యలో ఒక పువ్వు. ఆమె దాన్ని బొత్తాల డబ్బా మీద పెట్టింది. డబ్బా కింద ఒక కాగితం, పైన ఒకటి.

సెమిసి జెర్సీ తొడుక్కుని వీపు తిప్పి నిలబడ్డాడు. అక్క స్టూలు ఎక్కింది. మూడు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని, చంక కింద గుడ్డ వేళ్ళతో కూడదీసింది. అతను అద్దంలో చూసుకుంటూ, ఇల్లు రంగు మార్చాలనీ, అక్టోబరులో అందరినీ మాంసానికి పిలుస్తాననీ, నన్ను కట్టెలు తెమ్మనీ చెబుతూనే ఉన్నాడు. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. గుడ్డ మీద సూది పెట్టింది, తీసేసింది. మళ్ళీ పెట్టింది. తర్వాత నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

"సెమిసీ."

"గుచ్చేశావా?"

"ఇవాళ సంతకం పెట్టకు."

అతను అద్దంలోంచే నవ్వాడు. "ఏం, పైకప్పు కారుతుందా? చర్చి వాళ్ళు చెప్పారా?"

"పైకప్పు బాగానే ఉంది."

అతను నెమ్మదిగా మా వైపు తిరిగాడు. ఆమెను చూశాడు, నన్ను చూశాడు, మూలనున్న తొట్లు చూశాడు.

"పొద్దున గస్ వచ్చాడా?"

"వచ్చాడు."

"కాఫీ తాగాడా?"

"తాగలేదు నాయనా."

అతను కూర్చున్నాడు. మా బావ కుర్చీ అది, కిర్రుమంది కానీ తట్టుకుంది. తర్వాత ఉన్నట్టుండి నవ్వాడు.

"నీ బ్యానర్ మీద నేనే సంతకం పెట్టాను కదా?"

"పెట్టావు."

"మంచి సంతకం కూడా." ఆ నవ్వు మధ్యలోనే వేరేలా మారింది. అక్క స్టూలు దిగి అతని తల మీద చెయ్యి వేసింది. కూర్చుంటేనే అతని తల ఆమె ఎత్తుకు వచ్చింది.

కాసేపటికి అతను మొహం తుడుచుకుని, చేతులు పైకెత్తి జెర్సీ లాగేయమన్నాడు. అది ఒంటికి పట్టేసింది, నేనూ అక్కా చెరో వైపు లాగాం. అతను దాన్ని మోకాళ్ళ మీద బోర్లా పరిచి, రెండు కొసలూ గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వే విప్పు పెద్దమ్మా. ఇప్పుడు నాకు తెలిసిందిగా."

ఆమె నియమం అతనికి ఎలా తెలుసో నాకు తెలియదు. బహుశా ఆటగాళ్ళందరికీ తెలుసేమో. ఆమె కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుని అతని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. పట్టీ కుడి మూల నుంచి మొదలుపెట్టింది. టిక్, టిక్ మని ఒక్కో కుట్టూ తెగింది. గుడ్డ కదలకుండా అతను పట్టుకున్నాడు. తెగిన దారాలు నేను ఏరాను, వేరే ఏం చేయాలో తోచక. పట్టీ పూర్తిగా ఊడివచ్చాక ఆమె దాన్ని అరచేత్తో సాపు చేసి, మడిచి, అతను విప్పి పక్కన పెట్టిన చొక్కా జేబులో పెట్టింది. జట్టు సొత్తు అది. ఆమె అలా ఇంకెవరికీ ఇవ్వలేదు.

అతను వంటింట్లోకి వెళ్ళి మెలేకు ఫోన్ చేసి తమ భాషలో మాట్లాడాడు. తిరిగొచ్చి, "నువ్వు చెప్పావని ఎవరికీ చెప్పను," అన్నాడు.

"నువ్వు చెప్పకు. నేనే చెబుతాను. ముందు ఆ ఏనుగుని మా పెరట్లో దించు."

ట్రక్కు వెళ్ళాక ఆమె గస్‌కు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"గస్, అతనికి చెప్పేశాను."

"ఏమవుతుందో నీకు తెలుసుగా అక్కా," అన్నాడు.

"తెలుసు. వచ్చి తొట్లు తీసుకెళ్ళు. మిగతా ముప్ఫై ఆరు పేర్లూ ముట్టుకోలేదు. జాబితా డబ్బా కిందే ఉంది."

మధ్యాహ్నం గస్ వచ్చాడు. ఒక్కడే తొట్లన్నీ మోసి వ్యానులో పెట్టాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి తన కుర్చీలో కూర్చుని కప్పు ముందుకు జరిపాడు. ముగ్గురం కాఫీ తాగాం. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. వారం తర్వాత జట్టు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, ఇక పేర్లు కుట్టక్కరలేదని మర్యాదగానే రాశారు. అక్క ఆ ఉత్తరం గురించి ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. మాట తప్పింది తనేనని అనేది.

కోట్లు సంపాదించినవాడి కోసం ఇంత బాధ ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ ఆమెను అడిగాను. మూడో వారానికే పడమటి జట్టొకటి సెమిసిని తీసుకుంది, అతను ఇంకో రెండేళ్ళు ఆడాడు, పస్తులేమీ ఉండలేదు.

"డబ్బు కాదురా," అంది అక్క. "ఆ పిల్ల కిటికీ కొలుచుకుంది."

ఆ శరదృతువు నుంచి ఆమె బడి పిల్లల నాట్యాల గౌన్లు పొట్టి చేస్తూ, కోట్లకు జిప్పులు మారుస్తూ గడిపింది. ఆదివారం ఆటలు మాత్రం మానలేదు. టీవీలో కొత్త సెంటర్ వీపు కనపడగానే "ఎడమ వైపు దిగింది పట్టీ" అనేది. నిజంగానే దిగి ఉండేది.

అక్టోబరులో ఒక మంగళవారం, ఆటగాళ్ళకు సెలవు రోజు, తలుపు చప్పుడైంది. తీస్తే హార్లన్. ఇరవై ఆరేళ్ళవాడు, టోపీ చేతిలో పట్టుకుని, మెట్ల మీద. మా ఊరి బిల్‌బోర్డుల మీద ఉండే మొహం మా గుమ్మంలో చిన్నగా కనిపించింది.

"నాకు తెలియదమ్మా," అన్నాడు లోపలికి రాకముందే. "సెమిసిని తీసేస్తారని వాళ్ళు నాకు చెప్పలేదు."

"నువ్వు అడిగావా?"

అతను టోపీ తిప్పాడు. "అడగలేదు."

"లోపలికి రా. సూపు చల్లారుతోంది."

వంటింటి బల్ల దగ్గర అతనికి బీట్‌రూట్ సూపు పోసి, ఎదురుగా కూర్చుని సూటిగా అడిగింది. "తెలిసి ఉంటే తక్కువ తీసుకునేవాడివా?"

మీడియా ముందు ఏం చెప్పాలో అతనికి నేర్పించి ఉంటారు. ఆ మాటేదో నోటి దాకా వచ్చి ఆగడం నేను చూశాను. చెంచా కింద పెట్టాడు.

"తెలియదమ్మా. నేనూ ఒక్క దెబ్బకి అయిపోతాను. మోకాలు మెలిపడితే వచ్చే ఏడు నా పేరు ఎవరికీ గుర్తుండదు. అయినా నేను తగ్గించుకుంటే ఆ మిగిలింది సెమిసికే ఇస్తారని ఎవరు రాసిస్తారు? ఇంకొకణ్ణి కొనుక్కుంటారు."

"ఎవరూ రాసివ్వరు," అంది అక్క. "అది నిజమే. కానీ అడిగి ఉండాల్సింది."

"అవును."

"ఇంకొంచెం పోయనా?"

పోయించుకున్నాడు. వెళ్ళేముందు పెరట్లోకి వెళ్ళి, రిబ్బనుతో సహా ఉన్న పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగాడు. అతను వెళ్ళాక, "అబద్ధం చెప్పలేదు, మంచి పిల్లాడే," అంది అక్క. "ఇప్పుడేమంటావు మరి? ఇవ్వాలా వద్దా?" అన్నాను.

"ఇవ్వాలి. వాడు లేకపోతే మళ్ళీ పదకొండు పేర్లు." గిన్నెలు కడుగుతూ అంది. "కానీ ఇకమీదట నేను బ్యానర్లు కుట్టను."

ఆమె అంత్యక్రియల రోజు ఎండ బాగా కాసింది, ఏప్రిల్‌లో మాకు అది అరుదు. సెమిసి కుటుంబంతో యూటా నుంచి వచ్చాడు. ఇప్పుడు అక్కడ బళ్ళో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. నల్లకోటు చంకల దగ్గర మరీ బిగుసుకుని, చేయి ఎత్తితే చిరిగేలా ఉంది. "అక్కడ ఎవరికీ కొలవడం రాదు సార్," అన్నాడు. తెల్లవారే లేచి మా పెరట్లో ఆ పొయ్యి అంటించాడు. చర్చి నుంచి అందరూ వచ్చేసరికి మాంసం వాసన వీధి చివరి దాకా ఉంది.

ఆనా నా అంత ఎత్తు పెరిగింది. బొత్తాల డబ్బాలో దొరికిన పెన్సిలు కిటికీ కాగితం తనకిచ్చాను. ఆ పువ్వు చూసి సిగ్గుపడింది, కానీ తిరిగి ఇవ్వలేదు.

క్లబ్బు వాళ్ళు పళ్ళేలు పట్టుకుని గోడ పక్కన చేరారు. అయిదు నిమిషాలు అక్క గురించి మాట్లాడి, ఆరో నిమిషంలో అసలు సంగతికి వచ్చేశారు. హార్లన్‌తో మళ్ళీ పొడిగింపు, ఈసారి ఏడున్నర కోట్లట. ఇవ్వాలని ఒకడు, ముప్ఫై దాటినవాడికా అని ఇంకొకడు. అక్క ఉంటే ఇద్దరినీ ఒక్క మాటతో కూర్చోబెట్టేది. వాళ్ళకు కనపడకుండా పొయ్యి అవతల నిలబడి హార్లన్ కట్టెలు అందిస్తున్నాడు. నేను అతని పక్కకి వెళ్ళాను. అతని మొహంలో వయసు కనపడుతోంది, ముక్కు ఒకసారి విరిగి అతికింది.

"ఈసారి అడిగాను సార్," అన్నాడు నాతో, పొగలోకి చూస్తూ. "నాకు ఇంత ఇస్తే ఎవరెవరు పోతారో పేర్లు చెప్పమన్నాను. అలా చెప్పడం ఉండదన్నారు."

"మరి?"

"ముందు పేర్లు, తర్వాత సంతకం అన్నాను. మూడు వారాలైంది. ఇంకా పెన్ను ముట్టుకోలేదు."

సెమిసి పొయ్యి మూత ఎత్తి లోపలికి చూశాడు. అతను విన్నాడో లేదో తెలియలేదు. కోటు విప్పి నా చేతికిచ్చాడు. లోపలి అస్తరు మీద, గుండె వైపు, అక్క ఆ రోజు విప్పి ఇచ్చిన పేరు పట్టీ కుట్టి ఉంది. తనే కుట్టుకున్నట్టున్నాడు. కుట్లు ఒకటి పొడవు, ఒకటి పొట్టి, ఎడమ వైపు బాగా దిగిపోయింది.

"పెద్దమ్మ చూస్తే విప్పి పారేసేది," అన్నాడు. తర్వాత హార్లన్ వైపు తిరిగి, "నువ్వు కాస్త పక్కకి జరుగు, చెయ్యి కాలుతుంది. ఆ చెయ్యి ఇంకా పనికొస్తుంది," అన్నాడు.